పాత అంబాసిడర్‌కు టెంపరేచర్ మీటర్ బిగించే ముందు

మే ఎండల్లో ఒంగోలు నుంచి నెల్లూరు దాకా పాత బండి తోలేవాళ్లకు ఇంజన్ వేడి చూపే ఈ మీటర్ ఉండి తీరాలి. పని మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి.

– ఇంజన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి.

– బ్యాటరీ వైర్లు ఊడదీయండి.

– మీటర్, సెన్సర్ ఒకే సెట్‌వి కావాలి, లేదంటే రీడింగ్ తప్పు చూపిస్తుంది. సెన్సర్ మర సిలిండర్ హెడ్ (ఇంజన్ పైభాగం) మరతో కలుస్తుందో లేదో ముందు చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుంటే ఆపేయండి. స్పానర్‌తో బలవంతం చేస్తే సిలిండర్ హెడ్ మరే పోతుంది, ఆ ఖర్చు ముందు మీటర్ ధర ఏపాటిది! ఒకే వైరు సెన్సర్‌కు ఇంజనే ఎర్త్ కాబట్టి, కరెంటుకు అడ్డుపడే టెఫ్లాన్ టేపు మరకు చుట్టొద్దు.

– మెకానికల్ (వైరుకు బదులు సన్న గొట్టంతో పనిచేసే) మీటరైతే ఆ గొట్టాన్ని మడవొద్దు, కోయొద్దు.

– బండి రేకు దాటేచోట వైరు కోసుకుపోకుండా రబ్బరు బుష్, కరెంటు లైనుకు ఫ్యూజు పెట్టండి.

– కారిన కూలెంట్ (రేడియేటర్‌లో పోసే ద్రవం) విషం. కుక్కలు నాకకముందే కడిగేయండి.