డాట్ వీబీఎస్ ఫైల్ మొరాయిస్తే ముందు చూడాల్సినవి

రాణిగంజ్‌లో పంపుసెట్ల హోల్‌సేల్ షాపు. రోజూ షట్టర్ ఎత్తేసరికి గోడౌన్ స్టాకు ఎక్సెల్ షీటుగా తయారై ఉండాలి. కొత్త కంప్యూటర్ పెట్టిన మర్నాటి నుంచి షీటు రావడం ఆగిపోయింది. అకౌంట్స్ చూసే అబ్బాయి ఫోన్ చేశాడు: "అన్నా, వైరస్ పట్టినట్టుంది, జర వచ్చి చూడు." వైరస్ లేదు, గీరస్ లేదు. ఎప్పుడో పదిహేనేళ్ల కింద ఎవరో రాసిన వీబీస్క్రిప్ట్ (విండోస్‌కి పనులు చెప్పే పాత భాష, ఫైల్ పేరు చివర .వీబీఎస్ ఉంటుంది) ఫైల్ ఒకటి, పనుల్ని టైం ప్రకారం వాటంతటవే నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో కూర్చుని ఇన్నాళ్లూ ఆ పని చేస్తోంది. అలాంటిది ఒకటుందని షాపులో ఎవరికీ తెలియదు.

లక్షణం: ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే నడవదు

వచ్చే మెసేజ్ పూర్తిగా చదవండి. ".వీబీఎస్ అనే ఎక్స్‌టెన్షన్‌కి స్క్రిప్ట్ ఇంజిన్ లేదు" అనే అర్థంలో వస్తే ఫైల్ అసోసియేషన్, అంటే ఏ రకం ఫైల్‌ని ఏ ప్రోగ్రామ్ తెరవాలనే లింకు, చెడింది. నోట్‌ప్యాడ్ తెరుచుకున్నా అదే కథ. "వీబీస్క్రిప్ట్ ఇంజిన్ దొరకలేదు" అంటే మాత్రం అసలు భాషే ఆ కంప్యూటర్‌లో లేదు.

1996లో పుట్టిన ఈ భాషకు మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో రిటైర్‌మెంట్ ప్రకటించింది. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి ఇది విడిగా తీసేయగలిగే ఫీచర్. ప్రస్తుతానికి ఆన్‌లోనే వస్తుంది. 2027 ప్రాంతంలో ఆఫ్‌లో ఉంచి ఇస్తామని, ఆ తర్వాత పూర్తిగా తీసేస్తామని కంపెనీ చెప్పిన క్రమం. మరి ఈ షాపులో ఇప్పుడే ఎందుకు లేదంటే, కంప్యూటర్ సెట్ చేసినవాళ్లు సెక్యూరిటీ కోసమని ముందే పీకేశారు. వాళ్లను తప్పుపట్టలేం. 2000 మేలో ఐ లవ్ యూ వైరస్ ఊళ్లు తిరిగింది ఈ భాషలోనే.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో ఆప్షనల్ ఫీచర్స్ తెరిచి వీబీస్క్రిప్ట్ ఉందో లేదో చూడండి. లేకపోతే అక్కడే యాడ్ చేయండి, ఆ రోజుకి పని గడుస్తుంది. డీఎల్ఎల్‌ని (ఆ భాషను నడిపే విండోస్ ఫైల్) మళ్లీ రిజిస్టర్ చేయమనే పాత చిట్కాతో టైం పాడుచేసుకోవద్దు. లేని ఫైల్‌ని రిజిస్టర్ ఎలా చేస్తారు?

లక్షణం: ఎక్సెల్ మాక్రో ఎర్రర్ 429 దగ్గర ఆగుతుంది

ఎక్సెల్ మాక్రోలు రాసే భాష వీబీఏ కూడా పోతోందని చాలామందికి టెన్షన్. పోవడం లేదు. కాకపోతే మాక్రోల్లో వాడే రెగ్‌ఎక్స్‌ప్ (అక్షరాల్లో నమూనాలు వెతికే సాధనం) ఇన్నాళ్లూ వీబీస్క్రిప్ట్ డీఎల్ఎల్ నుంచి అరువు తెచ్చుకున్నది, ఆ డీఎల్ఎల్ లేకపోతే ఈ ఎర్రర్ వస్తుంది. మైక్రోసాఫ్ట్ 365 వెర్షన్ 2508 నుంచి అది వీబీఏలోనే ఉంది. కాబట్టి క్రియేట్‌ఆబ్జెక్ట్‌తో పిలిచే లైన్ తీసేసి న్యూ రెగ్‌ఎక్స్‌ప్ అని రాయండి. మాక్రోల్లో వాడే ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్, డిక్షనరీ వేరే డీఎల్ఎల్‌లో ఉంటాయి, వాటి జోలికి వెళ్లక్కర్లేదు.

లక్షణం: పవర్‌షెల్‌లోకి మార్చాం, అయినా తేడాగా ఉంది

వీబీస్క్రిప్ట్ పోతోంది కాబట్టి పాత స్క్రిప్టుల్ని వేరే భాషలోకి మార్చుకోవాలి. వెబ్ పేజీల పనికైతే జావాస్క్రిప్ట్. ఇలాంటి ఆఫీసు పనులకి నా ఓటు పవర్‌షెల్ అనే స్క్రిప్ట్ భాషకే. విండోస్‌తోపాటే వస్తుంది, ఎక్సెల్‌ని పాత పద్ధతిలోనే నడిపిస్తుంది. కానీ లైన్‌కి లైన్ మార్చుకుంటూ పోతే మూడుచోట్ల దెబ్బ తింటారు. నేను మూడూ తిన్నాను.

మొదటిది, స్క్రిప్ట్ అసలు నడవదు. మామూలు విండోస్‌లో పవర్‌షెల్ ఫైళ్లు నడవకుండా ఎగ్జిక్యూషన్ పాలసీ అనే భద్రతా సెట్టింగ్ అడ్డుపడుతుంది. దాన్ని రిమోట్‌సైన్డ్‌కి మారిస్తే చాలు, పూర్తిగా తలుపులు తెరవక్కర్లేదు.

రెండోది, షీటు పైన షాపు పేరు తెలుగులో ఉండాల్సింది పిచ్చి గీతలుగా వస్తుంది. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1, మొదట్లో బామ్ అనే గుర్తు లేని యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాల్నీ దాచే ఎన్‌కోడింగ్) ఫైల్‌ని పాత ఎన్‌కోడింగ్ అనుకుని చదువుతుంది. నోట్‌ప్యాడ్‌లో సేవ్ యాజ్ కొట్టి, ఎన్‌కోడింగ్ దగ్గర 'యూటీఎఫ్-8 విత్ బామ్' ఎంచుకోండి.

మూడోది ప్రమాదకరం, ఎందుకంటే ఎర్రర్ రాదు. వీబీస్క్రిప్ట్ తేదీని కంప్యూటర్ రీజియన్ ప్రకారం, అంటే మన దగ్గర రోజు ముందు, నెల తర్వాత రాసేది. పవర్‌షెల్‌లో డబుల్ కోట్స్ మధ్య తేదీ పెడితే రీజియన్ ఏదైనా నెలే ముందు వస్తుంది. ఏప్రిల్ 5 కాస్తా 04/05 అయి, మే 4 స్టాకుగా చదువుతారు. తేదీని అక్షరాలుగా మార్చే టూస్ట్రింగ్‌లో రోజు-నెల-ఏడాది ఫార్మాట్ మీరే రాసివ్వండి.

ఇంకో మాట. పాత స్క్రిప్ట్ మొదటి లైన్‌లో 'ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్' (ఎర్రర్ వచ్చినా చెప్పకుండా ముందుకెళ్లమనే ఆదేశం) ఉంటే దాన్ని కొత్తదానిలోకి మోయకండి. ఈ షాపులో ఆ లైన్ తీశాకే తెలిసింది, ఒక గోడౌన్ ఫైల్ ఎన్నాళ్లుగానో తెరుచుకోవడమే లేదని.

లక్షణం: అన్నీ మార్చేశామనే అనుకుంటున్నాం

డ్రైవ్ అంతా .వీబీఎస్ కోసం వెతకండి. బ్యాచ్ ఫైళ్లలో వీబీఎస్‌ని నడిపే సీస్క్రిప్ట్, డబ్ల్యూస్క్రిప్ట్ అనే మాటలు, మాక్రోల రిఫరెన్సుల్లో వీబీస్క్రిప్ట్ పేరు కూడా చూడండి. తర్వాత శనివారం రాత్రి ఆ వీబీస్క్రిప్ట్ ఫీచర్ మీరే తీసేయండి. ఆదివారం షాపు బంద్, సోమవారం పొద్దున అక్కడే కూర్చోండి. ఈ షాపులో స్టాకు షీటు టైంకే వచ్చింది, పదకొండింటికి మాత్రం పార్సిల్ లేబుళ్ల ప్రింటర్ ఆగింది. లేబుళ్లకీ ఒక వీబీఎస్ ఉందట, నెట్‌వర్క్‌లోని ఇంకో కంప్యూటర్‌లో.