దిద్దే ముందు పిల్లలనే గుర్తు పెట్టమనండి

పిల్లలు లెక్కల నోటుబుక్కు ఇచ్చే ముందు ఒక చిన్న పని చెప్పి చూడండి. కచ్చితంగా సరైనదే అనిపించిన జవాబు పక్కన చుక్క, అనుమానమున్న చోట ప్రశ్న గుర్తు పెట్టమనండి. "అర్థమైందా?" అని అడిగితే తరగతి మూకుమ్మడిగా చెప్పే "అయింది" కన్నా ఇది ఎంతో నయం.

దిద్దేటప్పుడు చుక్క ఉండి తప్పయిన లెక్కలనే ముందు చూడండి. 52 − 38 = 26 అని రాసి ధీమాగా చుక్క పెట్టాడంటే అది పరధ్యానం కాకపోవచ్చు. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేయాలని వాడొక సొంత నియమం పెట్టుకుని ఉంటాడు. ఇంటూ కొడితే ఆ నియమం చెక్కుచెదరదు. "26కు 38 కలిపి చూడు, 52 వస్తుందా?" అని పక్కన రాయండి. 64 రాగానే ఎక్కడో తేడా ఉందని వాడికే తెలుస్తుంది. పదుల కట్ట విప్పి, అంటే ఒక పదిని పది ఒకట్లుగా మార్చి చూపాల్సింది అప్పుడే.

ప్రశ్న గుర్తు ఉండి జవాబు సరిపోతే, ఎలా చేశావో చెప్పమంటే చాలు.

ఆ పేజీకి మార్కులు మాత్రం వేయకండి. వ్యాఖ్యతో పాటు మార్కు కూడా ఇస్తే వ్యాఖ్య వల్ల కలిగే మేలు పోతుందని 1988లో వెలువడిన మనస్తత్వవేత్త రూత్ బట్లర్ పరిశోధనలో తేలింది. పైగా మార్కులున్నాయంటే ప్రశ్న గుర్తు పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? అన్నీ చుక్కలే కనిపిస్తాయి.