క్వారీలో వాన నీళ్లు, మట్టి పూడిక: ఈసీ, సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓలకి అప్లై చేసేటప్పుడు ఏం పెట్టాలి

చిన్న గ్రానైట్ క్వారీకో రోడ్ మెటల్ (కంకర) క్వారీకో పర్మిషన్లు పెట్టుకునేవాళ్ల కోసం రాస్తున్నా, అది కూడా ఫైల్‌లో అందరూ తేలిగ్గా తీసుకునే వాన నీళ్ల భాగం గురించే. మా అమ్మమ్మ వాళ్ల ఊరి చెరువులో తూము దగ్గర పైనున్న క్వారీ మట్టి మోకాలెత్తు పేరుకుపోయి చివరి పొలాలకి నీళ్లందక రైతులు పారలు పట్టుకుని దిగి ఆ మట్టి తీసుకోవడం నేను కళ్లారా చూశా. ఆ క్వారీ కాగితాల్లో మాత్రం డ్రెయిన్ ఉంది!

వరస ఇలా ఉంటుంది. ముందు మైన్స్ డిపార్ట్‌మెంట్ నుంచి మైనింగ్ ప్లాన్ అప్రూవ్ అవ్వాలి, తర్వాత కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో ఈసీకి, అంటే పర్యావరణ అనుమతికి అప్లై చేయాలి, అది వచ్చాక పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) దగ్గర సీఎఫ్‌ఈ, అంటే కట్టడానికి కన్సెంట్, అన్నీ కట్టాక తవ్వకం మొదలుపెట్టేముందు సీఎఫ్‌ఓ, అంటే నడపడానికి కన్సెంట్. ఈ రెండు కన్సెంట్లు 1974 వాటర్ యాక్ట్, 1981 ఎయిర్ యాక్ట్ కింద ఇస్తారు. లీజు హద్దుల కేఎంఎల్ ఫైల్ (గూగుల్ ఎర్త్‌లో తెరుచుకునే మ్యాప్ ఫైల్), అప్రూవ్ అయిన ప్లాన్, 500 మీటర్లలోపు ఉన్న మిగతా లీజుల గురించి మైన్స్ ఆఫీస్ ఇచ్చే క్లస్టర్ లెటర్, పెట్టుబడికి సీఏ సర్టిఫికెట్ (కన్సెంట్ ఫీజు దాన్నిబట్టే వేస్తారు) ఇవన్నీ ముందే స్కాన్ చేసి పెట్టుకోండి. క్లస్టర్, అంటే మీ లీజు, ఆ పక్క లీజులు కలిపి మొత్తం 5 హెక్టార్లు దాటితే పబ్లిక్ హియరింగ్ దాకా వెళ్తుంది కాబట్టి ఆ లెటర్ ముందే తెచ్చుకుంటే ఎంత టైమ్ పడుతుందో ఒక అంచనా వస్తుంది.

ఇక అసలు విషయం, డ్రైనేజీ మ్యాప్. కన్సల్టెంట్ పాత ఫైల్‌లో బొమ్మ తీసి పేరు మార్చి పెట్టేస్తే ఒప్పుకోకండి, ఒకసారి వాన పడుతుండగా మీరే సైట్ చుట్టూ నడిచి పైనుంచి నీళ్లు ఎటు వస్తున్నాయి, డంపు (పనికిరాని మట్టి, రాళ్ల కుప్ప) మీద పడ్డవి ఎటు పోతున్నాయి, ఏ వాగులో కలుస్తున్నాయి చూసి ఆ బాణం గుర్తులు మ్యాప్ మీద వేయించండి. గుట్ట మీంచి వచ్చే మంచి నీళ్లని క్వారీ లోపలికి రానివ్వకుండా గార్లాండ్ డ్రెయిన్‌తో (క్వారీ చుట్టూ తవ్వే కాలువ) పక్కకి తిప్పేయాలి, లోపల పడ్డ బురద నీళ్లని మాత్రమే మట్టి అడుగుకి దిగే సెట్లింగ్ ట్యాంక్‌కి పంపాలి. రెండూ కలిపేస్తే ఎంత పెద్ద ట్యాంక్ కట్టినా చాలదు.

ట్యాంక్ సైజుకి లెక్క పెద్ద కష్టమేం కాదు. హెక్టార్ మీద 1 మిల్లీమీటర్ వాన అంటే 10 వేల లీటర్లు. 5 హెక్టార్ల మీద గంటలో 60 మిల్లీమీటర్లు కురిస్తే 30 లక్షల లీటర్లు, అందులో 60 శాతం పారుతుంది అనుకుంటే 18 లక్షలు, అంటే 1800 క్యూబిక్ మీటర్లు. ఈసీ షరతుల్లో మామూలుగా 50 ఏళ్ల రికార్డులోని గట్టి వానకి ఇంకో 50 శాతం కలిపి కట్టమని ఉంటుంది, అలా వేస్తే 2700, సుమారుగా 45 మీటర్ల పొడవు, 24 వెడల్పు, 2.5 లోతు. ఈ 60 అనేది ఉదాహరణకే, మీ మండలం వాన లెక్కలు తీసుకుని అవే వేయండి. ట్యాంక్‌ని రెండు మూడు గదులుగా చేసి నీళ్లు నిదానంగా తిరిగి వెళ్లేలా పెడితే మట్టి అడుగుకి దిగుతుంది. డంపు అడుగున రిటైనింగ్ వాల్, వాలు మీద గడ్డి మొక్కలు, వీటి ఖర్చు కూడా ఈఎంపీ (పర్యావరణ నిర్వహణ ప్లాన్) బడ్జెట్‌లో విడిగా చూపించండి, లేకపోతే ఈసీ ఫైల్ చూసే కమిటీ కచ్చితంగా అడుగుతుంది.

సీఎఫ్‌ఓకి పెట్టేటప్పుడు డ్రెయిన్, ట్యాంక్, గోడ కట్టిన ఫోటోలు లొకేషన్ పడేలా తీసి పెట్టండి, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు మ్యాప్ పట్టుకుని వాటి దగ్గరికే నడుస్తారు. బయటికి వదిలే నీళ్లలో సస్పెండెడ్ సాలిడ్స్ (నీళ్లలో తేలే సన్న మట్టి రేణువులు) లీటర్‌కి 100 మిల్లీగ్రాములు దాటకూడదు, పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలి.

ఆర్డర్ చేతికొచ్చాక కూడా పనుంది. జూన్ 1, డిసెంబర్ 1 కల్లా ఈసీ కంప్లయన్స్ రిపోర్ట్ (షరతులు పాటిస్తున్నట్టు చూపే రిపోర్ట్), సెప్టెంబర్ 30 కల్లా పీసీబీకి ఎన్విరాన్‌మెంట్ స్టేట్‌మెంట్ పంపాలి. పూడిక వానాకాలం అయ్యాక తీస్తే సరిపోతుందనుకుంటారు కానీ ప్రకాశం, నెల్లూరు వైపు అక్టోబర్, నవంబర్‌లోనే గట్టిగా కొడుతుంది, అక్కడ జూన్‌కి ముందోసారి సెప్టెంబర్ ఆఖర్లో ఇంకోసారి తీయించాల్సిందే, తీసిన మట్టి మళ్లీ డ్రెయిన్ గట్టు మీదే పోయకుండా డంపుకి తోలించండి. నీళ్ల శాంపిల్ కూడా ఎండ కాస్తున్న రోజు కాదు, మొదటి గట్టి వాన రోజు అవుట్‌లెట్ దగ్గర పట్టి ల్యాబ్‌కి పంపండి, ట్యాంక్ పనిచేస్తోందో లేదో ఆ రోజే తెలిసేది.