డివిడెండ్ షేర్లతో దీర్ఘకాలపు పెట్టుబడి – నాలుగో పాఠం: పునాది షేర్ల ఎంపిక

మూడో పాఠం చివర పది కంపెనీలతో ఒక జాబితా రాసుకోమని చెప్పాను. మీరు పంపిన జాబితాలను వరుసగా చదువుతుంటే, వాటిలో ఎక్కువ భాగం ఒకే పద్ధతిలో తయారయ్యాయని అర్థమైంది. గత పన్నెండు నెలల్లో వచ్చిన డివిడెండ్‌ను నేటి షేరు ధరతో భాగించి, వచ్చిన శాతాలను పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చి, పైనున్న పది పేర్లను దించుకున్నారు. లెక్క తప్పు కాదు, అది నేను నేర్పిన లెక్కే. అయితే భాగహారంలో పైన వేసే డివిడెండ్ ఎలాంటిదో ముందు విచారించాలని నేను అక్కడ చెప్పలేదు. ఆ లోపం నాది కాబట్టి, ఈసారి చెప్పాలనుకున్న రంగాలవారీ కేటాయింపును పక్కన పెట్టి, ఆ జాబితాలను సరిచేసే పనికే ఈ పాఠమంతా కేటాయిస్తున్నాను. డీమ్యాట్ ఖాతా, ముఖవిలువ, మధ్యంతర డివిడెండ్‌కూ తుది డివిడెండ్‌కూ తేడా మీకు తెలుసనే అనుకుంటున్నాను.

పునాది షేరు అంటే నా ఉద్దేశంలో పదేళ్లపాటు అమ్మే ఆలోచన లేకుండా ఉంచుకోగలిగిన షేరు. వ్యాపారం మందగించిన ఏడాదిలో కూడా ఆ కంపెనీ డివిడెండ్‌ను నిలబెట్టి ఉండాలి, ఆ డబ్బు వ్యాపారం సంపాదించిన నగదులోంచి వచ్చి ఉండాలి. ఈ నిర్వచనంలో రాబడి శాతం ఎక్కడా లేదని గమనించండి. శాతం చూడవలసింది అన్నిటికన్నా చివర.

ఎక్కువ జాబితాలలో పైన కనిపించిన పేర్లు గనుల కంపెనీలవి. విశాఖపట్నంలో ఒకప్పుడు స్మెల్టరు, అంటే ఖనిజం నుంచి లోహం తీసే కర్మాగారం, నడిపినందువల్ల మనలో చాలామందికి పరిచయమైన హిందుస్థాన్ జింక్‌నే తీసుకుందాం. 2022-23 ఆర్థిక సంవత్సరానికి ఆ కంపెనీ షేరుకు మొత్తం 75.50 రూపాయలు ఇచ్చింది. 2023 మార్చి ఆఖరున షేరు ధర 300 రూపాయలకు కాస్త తక్కువగా ఉంది కనుక, మూడో పాఠంలోని లెక్క ప్రకారం రాబడి 25 శాతం దాటుతుంది. ఇప్పుడు అదే 75.50ని కంపెనీ మొత్తం షేర్లతో, అంటే సుమారు 422.5 కోట్లతో గుణించండి. దాదాపు 31,900 కోట్ల రూపాయలు వస్తాయి. ఆ ఏడాది కంపెనీ లాభం సుమారు 10,500 కోట్లు. లాభానికి మూడింతలు పంచారంటే, మిగిలిన డబ్బు ఆ ఏటి వ్యాపారంలోంచి వచ్చింది కాదు, ఏళ్ల తరబడి పోగైన నిల్వల్లోంచి వచ్చింది. నిల్వలను ఒకసారి పంచవచ్చు, ప్రతి ఏడూ పంచడం సాధ్యం కాదు. మరుసటి ఏడాది, అంటే 2023-24లో, షేరుకు వచ్చినది 13 రూపాయలు. పాతిక శాతం వస్తుందని నమ్మి 300 రూపాయల ధరకు లక్ష రూపాయలు పెట్టిన వ్యక్తికి 333 షేర్లు వచ్చి ఉంటాయి, వాటిపై ఆ ఏడాది అందిన డివిడెండ్ 4,329 రూపాయలు. కంపెనీ నియమం తప్పలేదు, ఎవరికీ మాట ఇచ్చి వెనక్కి తీసుకోలేదు. ఒక ఏడాది జరిగిన దానిని ఏటా జరిగేదిగా చదవడంలోనే పొరపాటు ఉంది.

ఈ పొరపాటుకు దగ్గరి బంధువు ఒకటుంది. దాని విషయంలో నాకు ఓపిక తక్కువ కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. అది ప్రత్యేక డివిడెండ్‌ను, అంటే ఏటా ఇచ్చేదానికి అదనంగా ఎప్పుడైనా ఒకసారి ఇచ్చేదాన్ని, మామూలు డివిడెండ్‌తో కలిపేయడం. టీసీఎస్ లెక్కలను ఒక కాగితం మీద రాసుకోండి. షేరుకు మొత్తం డివిడెండ్ 2021-22లో 43 రూపాయలు, 2022-23లో 115, 2023-24లో 73, 2024-25లో 126. ఈ వరుసను చూసినవారు ఇది నిలకడ లేని కంపెనీ అనుకుంటారు, లేదా 126ను పట్టుకుని మురిసిపోతారు. రెండూ సరికావు. 2022-23 నాటి 115లో 67 రూపాయలు ప్రత్యేక డివిడెండ్, 2023-24 నాటి 73లో 18 రూపాయలు ప్రత్యేకం, 2024-25 నాటి 126లో 66 రూపాయలు ప్రత్యేకం. వాటిని తీసేసి మళ్లీ రాస్తే వరుస 43, 48, 55, 60 అవుతుంది. ఎగుడుదిగుడుగా కనిపించిన కంపెనీ మెట్లు ఎక్కుతున్నట్టు కనిపిస్తుంది. పునాది షేరు కోసం మనం వెతికేది ఈ రెండో వరుసనే.

ఇక్కడ ఆగితే సగమే నేర్చుకున్నట్టు. 2025 మార్చి ఆఖరున టీసీఎస్ ధర సుమారు 3,600 రూపాయలు. 126తో లెక్కిస్తే రాబడి 3.5 శాతం, 60తో లెక్కిస్తే 1.7 శాతం కన్నా తక్కువ. ధరల పట్టికలు ఇచ్చే చాలా చోట్ల కనిపించేది మొదటి అంకె. పింఛనులాగా నెల ఖర్చులకు ఈ డబ్బు మీద ఆధారపడదలచిన వ్యక్తి 3.5 శాతాన్ని నమ్మి పెట్టుబడి పెడితే, ప్రత్యేక డివిడెండ్ రాని ఏడాదిలో అనుకున్నదాంట్లో సగం కూడా చేతికి రాదు. అలాగని ప్రత్యేక డివిడెండ్ చెడ్డదని నేను అనడం లేదు. కంపెనీ దగ్గర మిగులు నగదు ఉంటే దాన్ని వాటాదారులకు ఇవ్వడం మంచి అలవాటే. టీసీఎస్ కొన్నిసార్లు ఆ మిగులును డివిడెండ్‌గా కాక బైబ్యాక్‌గా, అంటే వాటాదారుల నుంచి తన షేర్లనే తిరిగి కొని, ఇచ్చింది, 2022లో 18,000 కోట్లకు, 2023 చివర 17,000 కోట్లకు. ప్రత్యేక డివిడెండ్ లేని ఏడాది, తక్కువున్న ఏడాది ఎందుకలా ఉన్నాయో దీన్నిబట్టి చాలావరకు అర్థమవుతుంది. మిగులును రాసుకోండి, కానీ వేరే గడిలో రాసుకోండి. నా నోటు పుస్తకంలో ప్రత్యేక డివిడెండ్‌ను ఎర్ర సిరాతో రాస్తాను, కూడికలో ఎర్ర అంకెలను కలపను. ఎన్నో ఏళ్లుగా పాటిస్తున్న ఈ చిన్న అలవాటు నన్ను చాలా తప్పుల నుంచి కాపాడింది.

దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా ఒకరిద్దరు చేశారు. పవర్ గ్రిడ్ 2022-23లో షేరుకు 14.75 రూపాయలు ఇచ్చి, 2023-24లో 11.25 మాత్రమే ఇచ్చిందని, డివిడెండ్ కోసిన కంపెనీ కనుక కొట్టేశామని రాశారు. 2023లో ఆ కంపెనీ ప్రతి మూడు షేర్లకు ఒక బోనస్ షేరు, అంటే డబ్బు తీసుకోకుండా ఇచ్చే అదనపు షేరు, ఇచ్చింది. మూడు షేర్లు నాలుగయ్యాయి కాబట్టి, పాత 14.75ను నాలుగింట మూడు వంతులు చేస్తేనే కొత్త అంకెతో పోల్చగలం. అప్పుడు అది 11.06 అవుతుంది. అంటే డివిడెండ్ తగ్గలేదు, కొద్దిగా పెరిగింది. పాత అంకెలను బోనస్‌కూ, ముఖవిలువ విభజనకూ (ఒక షేరును చిన్న ముఖవిలువ గల ఎక్కువ షేర్లుగా విడగొట్టడం) సర్దుబాటు చేయకుండా పక్కపక్కన పెట్టకండి.

చెడ్డ ఏడాదిని చదవడం ఎలాగో ఐటీసీ ద్వారా చూపిస్తాను. భద్రాచలం దగ్గర సారపాకలో కాగితపు మిల్లు నడిపే ఈ కంపెనీకి లాభాలలో పెద్ద భాగం సిగరెట్ల నుంచే వస్తుంది, కనుక ఆ వ్యాపారం మీద అభ్యంతరం ఉన్నవారు వేరే ఉదాహరణ తీసుకోవచ్చు. ప్రత్యేక డివిడెండ్‌ను తీసేస్తే, 2019-20 నుంచి 2024-25 వరకు షేరుకు 10.15, 10.75, 11.50, 12.75, 13.75, 14.35 రూపాయలు వచ్చాయి. నేను ఏ కంపెనీ పట్టికలోనైనా మొదట చూసేది 2020-21 గడినే. ఆ ఏడాది కోవిడ్ వల్ల ఐటీసీ లాభం అంతకుముందు ఏటి 15,000 కోట్ల పై స్థాయి నుంచి 13,000 కోట్ల దగ్గరికి పడిపోయింది, అయినా డివిడెండ్ 10.15 నుంచి 10.75కు పెరిగింది. షేర్ల సంఖ్యతో గుణిస్తే ఆ ఏటి డివిడెండ్ లాభం కన్నా కొంచెం ఎక్కువే అవుతుంది. అంటే లాభం కన్నా ఎక్కువ పంచడమన్నది ఇక్కడా జరిగింది. మరి హిందుస్థాన్ జింక్‌ను ఎందుకు పక్కన పెట్టి దీన్ని ఎందుకు ఉంచుతున్నానని మీరు అడగవచ్చు, అది సరైన ప్రశ్న. ఇక్కడ లాభం తాత్కాలికంగా తగ్గినప్పుడు డివిడెండ్‌ను నిలబెట్టడానికి స్వల్పంగా నిల్వలు వాడారు, మరుసటి ఏడాది లాభం కోలుకుంది. అక్కడ లాభం బాగానే ఉన్న కాలంలో పోగైనదంతా ఒక్కసారిగా బయటికి పంపారు. శాతం ఒక్కటే చూస్తే ఈ తేడా తెలియదు.

కోల్ ఇండియా గురించి రెండు మాటలు చాలు. 2013-14లో షేరుకు 29 రూపాయలు, 2019-20లో 12, 2023-24లో 25.50. ప్రభుత్వానికి నగదు అవసరమైనప్పుడు ప్రభుత్వ రంగ సంస్థలు ఎక్కువ ఇవ్వడం మామూలే. అది మంచి ఆదాయ షేరు కావచ్చు, కానీ ఇంటి దూలం స్థానంలో నేను దాన్ని పెట్టను. బ్యాంకులను కూడా పునాదిలో చేర్చను. 2020 ఏప్రిల్ 17న రిజర్వు బ్యాంకు, 2019-20 లాభాల నుంచి ఏ బ్యాంకూ డివిడెండ్ చెల్లించకూడదని ఆదేశించింది. ఇవ్వగల స్తోమత ఉన్న బ్యాంకులు కూడా ఆగవలసి వచ్చింది. ఈ విషయంలో నాతో విభేదించేవారు చాలామంది ఉన్నారు, వారి వాదనకూ బలం ఉంది. అయినా నా జాబితా ఇలాగే ఉంటుంది.

డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి వార్షిక నివేదికలో నగదు ప్రవాహ పట్టిక తెరవండి. వ్యాపార కార్యకలాపాల నుంచి వచ్చిన నికర నగదులోంచి, యంత్రాలు, భవనాల వంటి ఆస్తుల కొనుగోలుకు పెట్టినది తీసేయండి. మిగిలినది ఆ ఏటి డివిడెండ్ చెల్లింపు కన్నా ఎక్కువగా ఉండాలి. ఒక్క జాగ్రత్త అవసరం: ఈ పట్టికలో కనిపించేది ఆ ఏడాదిలో చెల్లించిన డివిడెండ్, ఆ ఏడాదికి ప్రకటించిన డివిడెండ్ కాదు. తుది డివిడెండ్ వార్షిక సమావేశం తరువాత, అంటే వచ్చే ఆర్థిక సంవత్సరంలో, ఖాతాల్లో పడుతుంది. టీసీఎస్‌నే చూస్తే 2024-25కు ప్రకటించినది 126 రూపాయలైనా, ఆ ఏడాదిలో చెల్లించినది అంతకుముందు ఏటి తుది డివిడెండ్ 28తో కలిపి 28, 10, 10, 76, వెరసి 124.

ఎక్స్-డేట్‌కు (ఆ రోజు నుంచి షేరు కొన్నవారికి ప్రకటించిన డివిడెండ్ రాదు) ముందు రోజు కొని మరునాడు అమ్మితే లాభమా అని అడిగిన వారికి: ఆ ఉదయం ధర సాధారణంగా దాదాపు డివిడెండ్ మేరకు తగ్గి మొదలవుతుంది, వచ్చిన డివిడెండ్ మీద మీ శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. 2020 ఏప్రిల్ నుంచి ఆ పన్ను భారం కంపెనీ మీద కాక మన మీదే ఉంది. ఒక కంపెనీ నుంచి ఏడాదికి 10,000 రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్, అంటే చెల్లించేచోటే పట్టుకునే పన్ను, ముందే కోస్తారు. పునాది షేర్ల కొనుగోలుకూ ఎక్స్-డేట్‌కూ సంబంధం పెట్టుకోవద్దు.

ఈసారి అభ్యాసం పెద్దది. మీ జాబితాలోంచి ఒక్క కంపెనీని తీసుకోండి, రెండోది వద్దు. ఆ కంపెనీ సొంత వెబ్‌సైటులోంచి పదేళ్ల వార్షిక నివేదికలు దించుకుని, చేత్తో ఒక పట్టిక రాయండి: మామూలు డివిడెండ్, ఎర్ర సిరాతో ప్రత్యేక డివిడెండ్, బోనస్‌కూ విభజనకూ సర్దుబాటు చేసిన అంకె, లాభం, ఆస్తుల ఖర్చు పోగా మిగిలిన నగదు, ఆ ఏడాది చెల్లించిన డివిడెండ్. ఎవరో తయారుచేసిన పట్టికలోంచి ఎత్తి రాయకండి, ఎందుకంటే ప్రత్యేక డివిడెండ్‌ను వేరు చేసే శ్రమ అక్కడ చాలాసార్లు జరగదు. రెండు మూడు సాయంత్రాలు పడుతుంది. పూర్తయ్యాక పదేళ్లలో లాభం అన్నిటికన్నా తగ్గిన ఏడాది చుట్టూ గీత గీసి, ఆ ఏటి డివిడెండ్‌కు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో దాని కింద ఒకే వాక్యంలో రాయండి. ఈసారి పేర్ల జాబితాలు పంపవద్దు, ఆ కాగితాన్నే పంపండి.