18వ శతాబ్దపు ఇంగ్లిష్ కవితా సంకలనాన్ని స్కాన్‌లో చదవడం ఎలా

ఇంగ్లిష్ లిటరేచర్ చదివినవాళ్ళకి థామస్ గ్రే ఎలిజీ తెలుసు, ఎక్కడో ఒక సెమిస్టర్‌లో తగులుతుంది. కానీ ఆ పద్యాన్ని అప్పటి జనం ఎలాంటి పుస్తకంలో చదివారు, దాని ముందూ వెనకా ఎవరి పద్యాలున్నాయి అన్నది క్లాసులో ఎవరూ చూపించరు. ఇప్పుడు ఆ పాత పుస్తకాలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో, గూగుల్ బుక్స్‌లో, హాతీట్రస్ట్‌లో ఫ్రీగా దొరుకుతున్నాయి, గుంటూరులో కూర్చుని ఫోన్‌లో చూసుకోవచ్చు. పద్యాల మీద మాట్లాడేముందు ఆ పుస్తకం ఎలా తయారైందో చూసి తీరాలని నా గట్టి నమ్మకం, ఎందుకంటే ఏ పద్యం ఉండాలి, ఏ వరసలో ఉండాలి, కవి పేరు వెయ్యాలా వద్దా అన్నది చాలాసార్లు తేల్చింది పుస్తకాల వ్యాపారి.

మొదలుపెట్టడానికి రాబర్ట్ డాడ్స్‌లీ వేసిన 'ఎ కలెక్షన్ ఆఫ్ పోయెమ్స్ బై సెవరల్ హ్యాండ్స్' తీసుకోండి. డాడ్స్‌లీ ఒకప్పుడు పెద్దింట్లో నౌకరు, పద్యాలు రాసేవాడు, కవి అలెగ్జాండర్ పోప్ సాయంతో 1735లో లండన్ పాల్ మాల్‌లో పుస్తకాల షాపు పెట్టాడు. సంకలనం 1748లో మూడు వాల్యూములు, 1755లో నాలుగోది, 1758లో అయిదూ ఆరూ వచ్చాయి. నాలుగో వాల్యూమ్ తెరవగానే మొదటి పద్యం ఎలిజీయే, అంతకుముందు 1751లో అదే డాడ్స్‌లీ దాన్ని ఆరు పెన్నీల చిన్న పుస్తకంగా విడిగా అమ్మాడు. (ఇదే టైమ్‌కి, 1746, 47ల్లో జర్మనీలోని హాలె ఊళ్ళో బెంజమిన్ షుల్ట్జ్ తెలుగు అక్షరాల్లో క్రైస్తవ పుస్తకాలు అచ్చు వేయించాడు, మన పద్యాలు మాత్రం ఇంకా తాటాకుల మీదే ఉన్నాయి, బ్రౌన్ వేమనని అచ్చు వేయించింది 1829లో.)

ఫస్ట్ టైటిల్ పేజీ చూడండి. తేదీ రోమన్ అంకెల్లో ఉంటుంది, భయపడక్కర్లేదు, ఎం అంటే 1000, డి 500, రెండు సీలు 200, ఎక్స్ఎల్ 40, వీ పక్కన మూడు ఐలు 8, మొత్తం 1748. కింద 'ప్రింటెడ్ ఫర్' అని ఉంటే ఆ పేరు డబ్బు పెట్టిన పబ్లిషర్‌ది, 'ప్రింటెడ్ బై' అంటే ప్రెస్ వాడిది, ఈ రెండూ కలిపేస్తే మొత్తం కథ తప్పుతుంది. 'సెకండ్ ఎడిషన్' అన్న మాట ఉందేమో తప్పకుండా చూడండి, డాడ్స్‌లీ 1748లోనే రెండో ఎడిషన్ కూడా వేశాడు, అందులో పద్యాలు మార్చాడు. అందుకని సంవత్సరం ఒకటే కదా అని ఏదో ఒక స్కాన్ డౌన్‌లోడ్ చేసేసుకోకండి.

తర్వాత అక్షరం. పదం మొదట్లో, మధ్యలో వచ్చే ఎస్ పొడుగ్గా ఎఫ్ లాగా ఉంటుంది. ఎఫ్‌కి అడ్డగీత రెండువైపులా దాటుతుంది, పొడుగు ఎస్‌కి ఎడమవైపు చిన్న మొలక మాత్రమే ఉంటుంది, పదం చివర మామూలు ఎస్సే. కళ్ళకి త్వరగానే అలవాటైపోతుంది, కంప్యూటర్‌కే అలవాటు కాదు, సాంగ్ అన్న పదాన్ని ఎఫ్ ఓ ఎన్ జి అని చదువుకుంటుంది. కాబట్టి సెర్చ్ బాక్స్‌లో మామూలు స్పెల్లింగ్‌తో ఏమీ దొరక్కపోతే ఎస్ ఉన్నచోట ఎఫ్ పెట్టి ఇంకోసారి కొట్టండి, చాలా బయటపడతాయి.

ఇప్పుడు అసలు సంగతి, నాకు చాలా ఇష్టమైన భాగం. ఒక పెద్ద కాగితం తీసుకుని మూడుసార్లు సగానికి మడవండి. ఎనిమిది ఆకులు, పదహారు పేజీలు వస్తాయి, దీన్నే ఆక్టేవో అంటారు, మన ప్రెస్సుల్లో ఫారం అనే లెక్క ఇదే. పేజీ నంబర్లు వేసి విప్పి చూడండి, ఒకవైపు 1, 4, 5, 8, 9, 12, 13, 16 ఉంటాయి, సగం తలకిందులుగా, మిగతావి వెనకవైపు. అంటే కంపోజిటర్ ఒక్కో అక్షరం చేత్తో పేర్చి ఎనిమిది పేజీల టైపు ఒకేసారి బిగించాలి, ఇద్దరు మనుషులు చెక్క ప్రెస్ మీద, ఒకరు ఇంకు పూస్తుంటే ఒకరు మీట లాగుతుంటే, ఒక్కో కాగితం తీయాలి, మళ్ళీ తిప్పి రెండోవైపు వేయాలి. కాగితం చాలా ఖరీదు కాబట్టి అందరూ పొదుపుగానే ఉండేవాళ్ళు. డ్యూడెసిమో అయితే ఒక షీటుకి పన్నెండు ఆకులు, 24 పేజీలు, పుస్తకం జేబులో పట్టేంత చిన్నది.

పీడీఎఫ్‌లో ఇది కనిపెట్టడానికి పేజీ అడుగున బి, బి2, బి3 లాంటి గుర్తులు వెతకండి. అవి బైండింగ్ వాడి కోసం, వీటినే సిగ్నేచర్లు అంటారు. బి నుంచి సి దాకా 16 పేజీలుంటే మామూలుగా ఆక్టేవో, 24 ఉంటే డ్యూడెసిమో. 12 వస్తే డ్యూడెసిమోనే సగం సగం షీట్లుగా కుట్టారన్నమాట. లాటిన్ అక్షరమాల లెక్క కాబట్టి జె, డబ్ల్యూ ఉండవు, యు, వి లలో ఒకటే ఉంటుంది, ఆకులు పోయాయని కంగారు పడకండి. పద్యాలు చాలాసార్లు బి నుంచే మొదలవుతాయి, ఎందుకంటే టైటిల్ పేజీ, ముందుమాట, విషయసూచిక అన్నిటికన్నా చివర అచ్చు వేసేవాళ్ళు, వాటి కోసం 'ఏ' (A) అన్న అక్షరాన్ని ఖాళీగా ఉంచేవాళ్ళు. అడుగున విడిగా చిన్న అంకె ఒకటి కనిపిస్తే అది పేజీ నంబర్ కాదు, ఏ ప్రెస్‌మన్ ఆ వైపు అచ్చు వేశాడో గుర్తుగా వేసింది.

పేజీ చివర కుడిమూల ఇంకో పదం ఒంటరిగా ఉంటుంది చూడండి, అది క్యాచ్‌వర్డ్, తర్వాతి పేజీలో మొదటి పదం. సంకలనాల్లో ఇది భలే పనికొస్తుంది. పద్యం అయిపోయిన పేజీలో క్యాచ్‌వర్డ్ సాధారణంగా తర్వాతి పద్యం టైటిల్‌లోని మొదటి మాట, అది పక్క పేజీతో కలవకపోతే ఆకు చిరిగిపోయిందో, పాత ఆకు కోసేసి కొత్తది అతికించారో, లేక వరస మార్చారో, ఏదో జరిగింది, అక్కడ ఆగి చూడాలి.

కవుల పేర్ల విషయానికి వస్తే చాలా పద్యాలకి పేరే ఉండదు, 'బై ఎ లేడీ' అనో 'బై ది సేమ్' అనో ఉంటుంది. 1748లో రెండో వాల్యూమ్‌లో గ్రే పద్యాలు మూడున్నాయి, ఆయన స్నేహితుడు హొరేస్ వాల్పోల్ పిల్లి చేపల తొట్టిలో పడి చచ్చిపోయిన పద్యంతో సహా, ఒక్కదానికీ ఆయన పేరు లేదు. పేర్లు కావాలంటే 1782 ఎడిషన్ పక్కన తెరిచి పెట్టుకోండి, ఐజాక్ రీడ్ అందులో కవుల గురించి నోట్స్ చేర్చాడు. 1748లో వచ్చిన పుస్తకం చూసి గ్రే వాల్పోల్‌కి రాసిన ఉత్తరం కూడా చదవండి, టైటిల్ పేజీ మీద ముగ్గురు దేవతల బొమ్మకి పెట్టిన ఖర్చు మానేసి కవులకి మంచి బట్టలు కట్టించాల్సింది, ఈ మట్టిరంగు కాగితం, వంకర అక్షరాలు పాత వీధిపాటల కాగితాల్లా ఉన్నాయి అంటాడు. తన పద్యాలున్న పుస్తకం గురించే ఇంత నిక్కచ్చిగా చెప్పాడంటే నాకు ఆయన మీద ఇంకా గౌరవం పెరిగింది.

మీ పుస్తకం 1774 ముందుదా తర్వాతదా చూసుకోవడం కూడా ముఖ్యం. 1710 చట్టం ప్రకారం కొత్త పుస్తకం మీద హక్కు 14 ఏళ్ళు, రచయిత బతికుంటే ఇంకో 14, కానీ లండన్ వ్యాపారులు ఎప్పటికీ మాదే అనేవాళ్ళు. డొనాల్డ్‌సన్ అనే పుస్తకాల వ్యాపారి కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ అది కుదరదు అని 1774లో తేల్చింది. ఇక 1777లో జాన్ బెల్ అనే పబ్లిషర్ చాసర్ నుంచి మొదలుపెట్టి కవులందరినీ ఎడిన్‌బరోలో చిన్న సైజులో అచ్చు వేయించడం మొదలుపెట్టాడు, 109 వాల్యూములు. లండన్ వాళ్ళు టైపు మరీ చిన్నది, తప్పులు ఎక్కువ అని విమర్శించి పోటీకి శామ్యూల్ జాన్సన్‌తో కవుల జీవితాలు రాయించారు. అందుకే 1774 తర్వాతి సెట్లలో పాత కవులు అంత నిండుగా కనిపిస్తారు.

చివరగా, ఒకే ఎడిషన్‌వి రెండు వేర్వేరు లైబ్రరీల కాపీలు దొరికితే రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అచ్చు నడుస్తుండగానే తప్పు కనిపిస్తే ప్రెస్ ఆపి దిద్దేవాళ్ళు, అప్పటికే పడిన షీట్లు పారెయ్యకుండా అవీ వాడేవాళ్ళు, కాబట్టి రెండు కాపీల్లో ఒక లైను వేరుగా ఉండొచ్చు. లండన్‌లోనో ఆక్స్‌ఫర్డ్‌లోనో చదువుకుంటున్న మనవాళ్ళయితే అసలు కాపీ తెప్పించుకుని ఆకుని వెలుతురుకి పట్టి చూడండి, ఆక్టేవో అయితే కాగితంలోని దూరం దూరం గీతలు నిలువుగా, డ్యూడెసిమో అయితే మామూలుగా అడ్డంగా ఉంటాయి, స్కాన్‌లో ఇది కనపడదు. నోట్ రాసుకునేటప్పుడు ఎడిషన్, వాల్యూమ్, పేజీతో పాటు ఏ లైబ్రరీ కాపీయో కూడా రాసుకోండి.