సీజెడ్‌టీఎస్ నానోక్రిస్టల్స్: ఎక్స్‌ఆర్‌డీ బాగుంది, సెల్‌కు మాత్రం వోల్టేజ్ రావట్లేదు

సమస్య: సోలార్ సెల్ కోసం సీజెడ్‌టీఎస్ (కాపర్ జింక్ టిన్ సల్ఫైడ్) నానోక్రిస్టల్స్ చేశారు. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) 28.5, 47.3, 56.2 డిగ్రీల దగ్గర పీక్‌లు వచ్చాయి. నానోక్రిస్టల్స్ కలిపిన ఇంక్ నల్లగా, చిక్కగా ఉంది. తీరా సెల్ చేస్తే వోల్టేజ్ చాలా తక్కువ.

ముందు చెప్పండి, రామన్ (లేజర్ కాంతితో పదార్థాన్ని గుర్తుపట్టే పరీక్ష) తీయించారా? వరంగల్‌లో ఈ ప్రశ్న ఎంతమందిని అడిగినా జవాబు ఒకటే: "ఎక్స్‌ఆర్‌డీ సరిపోయింది కదా సార్!" సరిపోదు. జింక్ సల్ఫైడ్, కాపర్ టిన్ సల్ఫైడ్ పీక్‌లు కూడా దాదాపు అక్కడే పడతాయి. రామన్‌లో సీజెడ్‌టీఎస్ 338 సెం.మీ⁻¹ దగ్గర కనిపిస్తుంది. 303 దగ్గర ఇంకోటి లేస్తే కాపర్ టిన్ సల్ఫైడ్, 475 దగ్గర లేస్తే కాపర్ సల్ఫైడ్. కాపర్ టిన్ సల్ఫైడ్ బ్యాండ్ గ్యాప్ (సెల్ వోల్టేజ్‌కు హద్దు పెట్టే శక్తి అంతరం) సుమారు 1 ఈవీయే (ఎలక్ట్రాన్ వోల్ట్), మనకు కావాల్సింది 1.5. వోల్టేజ్ పోయేది అక్కడే.

కారణం: ఎక్కువసార్లు జింక్ క్లోరైడ్ సీసాయే. జులై, ఆగస్టుల్లో మూత తీసి తూకం వేసేలోపే అది వంటింటి ఉప్పులా చెమరుస్తుంది. ఒక్కో అణువుకు ఒక్క నీటి అణువు పట్టినా చాలు, మీరు తూచిన దాంట్లో జింక్ దాదాపు 12 శాతం తగ్గుతుంది. జింక్, టిన్ నిష్పత్తి 1.2 అనుకుని వేస్తే 1.06కు దిగుతుంది. 1 అనుకుని వేసినవాళ్లకు జింక్ కొరతే, జింక్ అందని కాపర్, టిన్ కలిసి కాపర్ టిన్ సల్ఫైడ్ అవుతాయి.

"120 డిగ్రీల దగ్గర వ్యాక్యూమ్‌లో డీగ్యాస్ చేశాం కదా" అంటారు. మంచిదే, నీళ్లు పోయాయి. కానీ ఫ్లాస్క్‌లో పడని జింక్ ఎక్కడినుంచి వస్తుంది? టెన్షన్ పడి ఇంజెక్షన్ టెంపరేచర్ (ఫ్లాస్క్‌లోకి గంధకం ద్రావణం ఎక్కించేటప్పటి వేడి) మార్చుకుంటూ పోతే నెలలు గడిచిపోతాయి, తప్పు తూకంలోనే ఉండిపోతుంది.

పరిష్కారం: జింక్ అసిటేట్ డైహైడ్రేట్‌కు మారండి. అందులో నీళ్లు ఎన్నో ముందే తెలుసు, లెక్క దాని మోలార్ ద్రవ్యరాశి 219.5తో వేయండి. చెమర్చిన క్లోరైడ్‌ను ఓవెన్‌లో ఎండబెట్టి వాడొద్దు, వేడికి అది హైడ్రాక్సీ క్లోరైడ్‌గా మారుతుంది. క్లోరైడే కావాలంటే గ్లవ్ బాక్స్ (తేమ చొరబడని మూసిన పెట్టె) లోనే తెరిచి తూచండి. కడిగిన పొడికి ఈడీఎస్ (ఏ మూలకం ఎంత ఉందో చూపే పరీక్ష) తీయించి, నిష్పత్తి సరిగ్గా ఉంటేనే ఫిల్మ్ వేయండి.

మిగతావి అరుదు. ఇంక్ అడుగుకు దిగితే ఇథనాల్‌తో ఎక్కువ కడిగినట్టు, కణాలను విడివిడిగా ఉంచే ఓలైల్ అమీన్ కొద్ది చుక్కలు కలపండి. ఫిల్మ్‌ను అనీల్ చేశాక (గంధకంతో వేడి చేశాక) టిన్ తగ్గితే గంధకంతో పాటు చిటికెడు టిన్ సల్ఫైడ్ అనీల్ చేసే పెట్టెలో పెట్టండి.