జర్మనీ, నెదర్లాండ్స్‌లో ఉంటున్నారా? అవయవదానంపై మీ నిర్ణయం నమోదు చేసుకోండిలా

జర్మనీలో దిగిన మనవాళ్లు ఇన్సూరెన్స్ కార్డు, బ్యాంకు కార్డు చకచకా తీసేసుకుంటారు. అవయవదానం కార్డు దగ్గరికొచ్చేసరికి మాత్రం 'తర్వాత చూద్దాంలే' అంటారు. అవుననైనా కాదనైనా, మీ మాట రాసి ఉంచడం మంచిది.

జర్మనీ, నెదర్లాండ్స్, బెల్జియం, లక్సెంబర్గ్, ఆస్ట్రియా, స్లొవేనియా, క్రొయేషియా, హంగరీ ఈ 8 దేశాలకూ ఉమ్మడిగా, దానమిచ్చిన అవయవాలు ఎవరికి వెళ్లాలో చూసే యూరోట్రాన్స్‌ప్లాంట్ అనే సంస్థ ఉంది. 1967లో మొదలైంది, ఆఫీసు నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో. మ్యూనిక్‌లో దానమిచ్చిన కిడ్నీ వియన్నాలో ఉన్న పేషెంటుకు సరిపోతే అక్కడికే వెళ్లొచ్చు. పంపకం ఉమ్మడే గానీ, దానానికి ఒప్పుకున్నట్టా కాదా అన్నది ఏ దేశంలో ఆ దేశం చట్టం ప్రకారమే తేలుతుంది.

1. ముందు మీరుండే దేశం రూలు తెలుసుకోండి. జర్మనీలో మీరు ముందే ఒప్పుకుని ఉండాలి, లేదా ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి. నెదర్లాండ్స్‌లో 2020 జూలై 1 నుంచి పద్ధతి మారింది. 18 ఏళ్లు నిండి అక్కడ అడ్రస్ నమోదైనవాళ్లు ఉత్తరాలకు జవాబివ్వకపోతే 'అభ్యంతరం లేదు' అని రాసేస్తారు. ఆస్ట్రియాలో ముందే వద్దని చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఇది టూరిస్టులకూ వర్తిస్తుంది!

2. జర్మనీలో తేలికైన దారి కాగితం కార్డే. అందులో ఐదు గడులుంటాయి: అన్నీ ఇస్తాను, ఫలానావి తప్ప ఇస్తాను, ఫలానావి మాత్రమే ఇస్తాను, ఇవ్వను, నా బదులు ఫలానా వ్యక్తి నిర్ణయిస్తారు. టిక్కు పెట్టి, సంతకం చేసి పర్సులో పెట్టుకోవడమే. ఎక్కడా రిజిస్టర్ చేయక్కర్లేదు. నాది డెబిట్ కార్డు వెనకాల ఉంటుంది.

3. జర్మనీలోనే ఆన్‌లైన్‌లో కావాలంటే 2024 మార్చిలో వచ్చిన అవయవదాన రిజిస్టర్ ఉంది. రెసిడెన్స్ కార్డుకి ఆన్‌లైన్ ఐడీ సదుపాయం, పిన్ ఉండాలి. ఆ పిన్ వచ్చిన కవరు ఎక్కడ పెట్టామో వెతకడమే అసలు పని.

4. నెదర్లాండ్స్‌లో డిజిడితో (అక్కడి ప్రభుత్వ సైట్లకు వాడే లాగిన్) డోనార్ రిజిస్టర్‌లోకి లాగిన్ అయి, ఇస్తాను, ఇవ్వను, ఇంట్లోవాళ్లు నిర్ణయిస్తారు, ఫలానా వ్యక్తి నిర్ణయిస్తారు అన్న నాలుగింట్లో ఒకటి ఎంచుకోవాలి.

5. ఇంట్లో చెప్పండి. గుంటూరులో ఉన్న అమ్మకు వీడియో కాల్‌లో ఈ మాటెత్తితే 'అపశకునం మాటలెందుకురా' అంటుంది. అయినా చెప్పాలి. మనకేమైనా అయితే ఆసుపత్రివాళ్లు మాట్లాడేది ఇంట్లోవాళ్లతోనే, ఆ టెన్షన్‌లో వాళ్లకు ఏం చెప్పాలో తోచదు. ఇండియాలో జీవన్‌దాన్ కార్డు తీసుకుని ఉన్నా సరే, ఆ వివరాలు వాటంతటవే అక్కడి రిజిస్టర్‌లోకి చేరవు.

మనసు మారితే పాత కార్డు చింపేసి కొత్తది రాసుకోండి. రిజిస్టర్‌లో ఉంటే మాత్రం మళ్లీ లాగిన్ అయి అక్కడా మార్చాలి.